దానికీ చెమట పోస్తుంది

మలికిపురం రోడ్డులో ఐసు ఫ్యాక్టరీ పక్క రేకుల షెడ్డు మాది.
బోర్డు మీద 'రీవైండింగ్'లో ఒక అక్షరం రాలిపోయి మూడేళ్లయింది.
అయినా ఎవరూ దారి తప్పలేదు,
కాలిన వార్నిషు వాసనే మా అడ్రసు.

మూత విప్పితే చాలు,
మోటారు ఏ ఊరిదో చెప్పేస్తాను.
ఫిన్నుల మధ్య ఎర్రటి పొట్టు దట్టించి ఉంటే అంబాజీపేట పీచు మిల్లుది.
ఫ్యాను గూట్లో తవుడు, వేలు పెడితే ఇంకా మెత్తగా ఉంటే
మండపేట వైపు రైసు మిల్లుది.
బేరింగు గ్రీజులో ఒండ్రు కరకరలాడిందా, లంకది.
ఎర్రనీరు ఎక్కిన రాత్రి గేదెల్ని తోలుకుపోయి
దీన్ని మర్చిపోయారన్న మాట.
ఒకసారి ఒకదాంట్లో కందిరీగ గూడు దొరికింది.
దాని ఊరు మాత్రం చెప్పలేకపోయాను.

మొన్న మంగళవారం
కేశవదాసుపాలెం చెరువుల మీంచి ఏసుపాదం వచ్చాడు,
మోపెడ్ వెనక ట్యూబుతో బిగించి, రెండు హెచ్‌పీ.
ఏరేటరుది. రాత్రంతా రొయ్యకి ఊపిరి పోసేది.
"ఉప్పునీటి తుంపర పడనిచ్చానా, వీరకుమారీ?
మెడ దాకా పట్టా చుట్టాను. తాడు మీద తాడు.
అడుగున బెజ్జం కనిపిస్తే లప్పం పెట్టి మూసేశాను కూడా.
అయినా ఎలా కాలింది?"
తలగుడ్డ తీసి చేతిలో నలుపుతున్నాడు,
ఆస్పత్రి వరండాలో నిలబడ్డట్టు.

రోటరు లాగాను.
వైండింగు బొగ్గు.
లోపల అర గ్లాసు నీళ్లు.
"చెరువు నీళ్లే దూరాయి" అన్నాడు, గొంతు లేకుండా.

వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను.
చప్పన.
ఉప్పు రవ్వంత లేదు.

మన చెమట ఉప్పన, ఏసుపాదం.
దీని చెమట చప్పన.
రాత్రంతా తిరిగి ఒళ్లు కాగుతుంది,
తెల్లారి ఆపేస్తే చల్లబడుతూ గాలి పీలుస్తుంది.
మన గాలిలో నీరెంతో నీకు నేను చెప్పాలా,
బీరువాలో బట్టలకి బూజు పట్టే ఊళ్లో?
ఆ నీరే లోపల చుక్క కడుతుంది.
దిగిపోవడానికి ఆ ఒక్క బెజ్జం.
నువ్వు మూసింది అదే.
పట్టా చుట్టేసరికి ఫ్యాను విసిరేది దాని వేడి దానికే.

రేకు ప్లేటు తుడిచి చూపించాను, రెండు అయిదులు.
మొదటిది దుమ్ముకి, రెండోది నీటికి.
ఊపిరికి ఎవరూ అంకె వెయ్యలేదు.

గొడుగు పట్టు, దుప్పటి కప్పకు, అన్నాను.
వైరు తిన్నగా డబ్బాలోకి తేకు,
కిందకి ఒక వంపు తిప్పి పైకి తీసుకురా,
చినుకు ఆ వంపు దగ్గరే జారి పడాలి.
వారానికోసారి ఫ్యాను గూడు బ్రష్షుతో దులుపు.
నీళ్ల పైపుతో మాత్రం కడక్కు, ప్రేమ ఎక్కువై.

ఆయన వింటున్నాడో లేదో.
"రాజుగారు జీతంలో కోస్తారు" అన్నాడు.

మెగ్గరు పక్కన పెట్టి బిల్లు పుస్తకం తీశాను.
'కాలుటకు కారణము' అని అచ్చేయించింది మా నాన్న.
ఆ గీత మీద ఇరవయ్యేళ్లుగా నిజమే రాశాం.
కొంచెంసేపు పెన్ను విదిలించాను, ఇంకు ఉన్నా.
'ఒక ఫేజు పోయినందున' అని రాశాను.
కరెంటు మీదికి కర్ర పట్టుకుని ఎవడూ పోడు.

శుక్రవారం పట్టుకెళ్లాడు.
ఆదివారం రాత్రి అంతర్వేది నుంచి వస్తుంటే వాన పట్టుకుంది.
చెరువు గట్టు మీద స్కూటరు ఆపాను.
నాలుగు సరుగుడు కర్రలు, పైన సగానికి కోసిన నీలం డ్రమ్ము,
దాని కింద నా మోటారు, నలుపక్కలా గాలితో.
నా వైండింగు చప్పుడు నాకు తెలుస్తుంది.

పట్టా ఇప్పుడు ఏసుపాదం భుజాల మీద ఉంది.
ముఖం దగ్గర తెరిచే ఉంచాడు.
బీడీ వెలుగుతోంది.